ఓరుగల్లులో కూర్చుని దేశపు మెటల్ చరిత్ర రాయొచ్చా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "హనుమకొండలో పీజీ చదువుతున్నాను. మన దేశంలో అండర్‌గ్రౌండ్ మెటల్ (హెవీ మెటల్ రాక్) సంగీతపు చరిత్రను డాక్యుమెంట్ చేయాలని ఉంది. బ్యాండ్లేమో బెంగళూరు, ముంబై, ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇక్కడ కూర్చుని నేనేం చేయగలను? మా బాబాయి దగ్గర ఒక అట్టపెట్టె నిండా పాత క్యాసెట్లున్నాయి. వాటిని ఎంపీ3లు చేసి యూట్యూబ్‌లో పెడితే సరిపోతుందా?"

చేయగలవు. పైగా ఇక్కడ కూర్చున్నవాడే చేయాల్సిన పని కొంత ఉంది, దాన్ని బెంగళూరు వాళ్లు ఎప్పటికీ చేయరు. ఇక ఎంపీ3లు చేసి యూట్యూబ్‌లో పెట్టడం సరిపోదు. ఆ క్యాసెట్లు ఇంకా ఆడించకపోతే, ఈ జవాబు చదివేదాకా ఆడించకు.

వరంగల్, కాజీపేట, కరీంనగర్, రామగుండం వైపు కాలేజీ ఫంక్షన్లకు చాలా ఏళ్లు సౌండ్ సిస్టమ్ పని చేశాను. ఆ పనిలో ఉండగానే టేపులు, పోస్టర్లు, టికెట్లు, ఫొటోలు పోగేయడం మొదలైంది. ఇప్పుడు వాటిని డిజిటల్ చేసి భద్రపరచడమే నా ముఖ్యమైన పని. కాబట్టి పుస్తకాల్లోది కాకుండా చేతికి తెలిసినది చెబుతాను.

ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందు బ్యాండ్ల జాబితా రాస్తారు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, ఏ ఆల్బమ్ ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎప్పుడు మానేశారు. ఆ జాబితా ఇప్పటికే చాలావరకు ఉంది. మెటల్ ఆర్కైవ్స్ సైట్ 2002 నుంచి నడుస్తోంది, మన దేశపు బ్యాండ్లు కూడా అందులో వందల్లో ఉన్నాయి. నువ్వు దాన్ని మళ్లీ రాసి ప్రయోజనం లేదు. అక్కడ లేనిది ఏమిటంటే, ఆ పాట మనిషి నుంచి మనిషికి ఎలా చేరింది, ఎవరు విన్నారు, ఎక్కడ విన్నారు, వినడానికి ఎంత కష్టపడ్డారు. అండర్‌గ్రౌండ్ అంటేనే కంపెనీలు, రేడియో, టీవీ పట్టించుకోని సంగీతం. దాన్ని మోసుకు తిరిగినవాళ్లు లేకపోతే అది లేదు. ఆ మోసుకు తిరిగినవాళ్ల కథే రాయకుండా మిగిలింది. వాళ్లలో మన జిల్లాల వాళ్లూ ఉన్నారు.

దేశం మొత్తం కథ నీకు స్థూలంగా తెలిసి ఉండాలి, లేకపోతే ఇక్కడ దొరికిన కాగితం ముక్క విలువ నీకు అర్థం కాదు. 1970, 71లో సిమ్లా సిగరెట్ల కంపెనీ నడిపిన బీట్ పోటీల (రాక్ బ్యాండ్ల పోటీల) నుంచి రెండు ఎల్పీ రికార్డులు వచ్చాయి. దేశంలో రాక్ బ్యాండ్లకు దొరికిన తొలి ఆనవాళ్లలో అవి ఉన్నాయి. హెవీ సంగీతానికి వస్తే, ముంబైలో 1984లో మొదలైన రాక్ మెషీన్ 1988లో సొంత పాటలతో ఆల్బమ్ తెచ్చింది, 1993లో ఇండస్ క్రీడ్ అని పేరు మార్చుకుంది. అది హార్డ్ రాకే కానీ, సొంత పాటలు రాసి క్యాసెట్ వేయవచ్చన్న ధైర్యం తర్వాతివాళ్లకు అక్కడి నుంచే వచ్చింది. ముంబైలో 1986 నుంచి ఇండిపెండెన్స్ రాక్ అనే కచేరీల పండుగ జరిగేది. బెంగళూరులో 1980ల చివర మిలీనియం బ్యాండ్, ఆ తర్వాత డూమ్, డెత్ మెటల్ అనే శాఖల దారిలో డైయింగ్ ఎంబ్రేస్, 1998లో క్రిప్టోస్. ముంబైలో 2000లో డెమోనిక్ రెసరెక్షన్. క్రిప్టోస్ తొలి ఆల్బమ్ 2004లో గానీ రాలేదు. బ్యాండ్ పుట్టడానికీ ఆల్బమ్ రావడానికీ మధ్య ఉన్న ఆ ఆరేళ్లలో ఏం జరిగిందో చెప్పేవి డెమోలు (బ్యాండ్లు సొంతంగా చేసుకున్న నమూనా రికార్డింగులు), కచేరీ టేపులు, కరపత్రాలే. మనలాంటివాళ్లు వెతకాల్సిన చోటు అది. మన హైదరాబాద్‌తో ముడిపడిన గాడ్‌లెస్ బ్యాండ్ సంగతి వేరు, 2016లో తొలి ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు), 2018లో రెండోది, 2021లో పూర్తి ఆల్బమ్. అంతా ఇంటర్నెట్ కాలం కాబట్టి అన్నీ తేదీలతో దొరుకుతాయి. కష్టమంతా 1985 నుంచి 2008 దాకా ఉన్న కాలంతోనే.

ఈ కాలానికి పత్రికా ఆధారం ఏదంటే అలహాబాద్ నుంచి 1993లో మొదలైన రాక్ స్ట్రీట్ జర్నల్. ఢిల్లీ, ముంబై కాకుండా అలహాబాద్ నుంచి మొదలైంది, చూడు. పెద్ద నగరం కాని చోట కూర్చుని అమిత్ సైగల్ అనే మనిషి దేశం మొత్తం బ్యాండ్లను ఒక తాటి మీదికి తెచ్చాడు. ఆయన 2012 జనవరిలో గోవాలో చనిపోయాడు. పాత సంచికలు ఆదివారం పూట హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర వెతుకు. దొరికితే వ్యాసాలకన్నా ముందు వెనక పేజీల చిన్న ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, అడ్రసులు చూడు. ఏ ఊరివాడు ఏ బ్యాండ్ టేప్ కోసం రాశాడో అక్కడ తెలుస్తుంది. తెలంగాణ ఊరి పేరు కనిపిస్తే ఆ పేజీని బంగారంలా దాచుకో.

ఇక మన ఊరి సంగతి. వరంగల్‌లో బెంగళూరులా మెటల్ సీన్ ఉండేదని ఎవరైనా చెబితే నమ్మకు. వారం వారం కచేరీలు జరిగే హాలు ఇక్కడ లేదు. కానీ వినేవాళ్లున్నారు, వాయించేవాళ్లూ కొంతమంది ఉన్నారు, వాళ్లు మూడు నాలుగు దారుల్లో వచ్చారు.

ఒకటి ఆర్ఈసీ, అంటే వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. 1959లో పెట్టిన ఆ కాలేజీయే 2002లో నిట్ అయింది. దేశంలోని అన్ని రాష్ట్రాల పిల్లలూ అక్కడికి వస్తారు. వచ్చేటప్పుడు సంచుల్లో టేపులు కూడా వచ్చాయి. స్ప్రింగ్‌స్ప్రీ ఫెస్ట్‌లో బ్యాండ్ల పోటీలు జరిగేవి. మన దేశంలో అండర్‌గ్రౌండ్ బ్యాండ్లకు నిజమైన వేదిక ఇలాంటి కాలేజీ పోటీలే. ఐఐటీ బాంబే మూడ్ ఇండిగోలో లైవ్‌వైర్, బిట్స్ పిలానీ ఒయాసిస్‌లో రాక్‌టేవ్స్, బెంగళూరు లా స్కూల్లో స్ట్రాబెరీ ఫీల్డ్స్. వీటి గురించి వాళ్లు రాసుకున్నారు. మన ఫెస్ట్‌ల గురించి రాసినవాళ్లు తక్కువ.

రెండోది కాజీపేట. రైల్వే కాలనీ, ఫాతిమానగర్, అక్కడి చర్చీలు. మా వైపు డ్రమ్స్, గిటార్ బాగా వాయించినవాళ్లలో చాలామంది చర్చి క్వయర్‌లో నేర్చుకున్నవాళ్లే. ఆదివారం పొద్దున ఆరాధనలో వాయించిన కుర్రాడే సాయంత్రం మేడ మీద అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా పాట నేర్చుకునేవాడు. వాళ్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయలేదు. మెటల్ గురించి అడిగితే ముందు కాస్త మొహమాటపడతారు. సంగీతం ఎలా నేర్చుకున్నారని అడుగు, మాట దానంతట అదే వస్తుంది.

మూడోది రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి కాలనీలు. ఉద్యోగాల మీద బెంగాల్ నుంచి, కేరళ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. సెలవులకు సొంతూరు వెళ్లిన పిల్లలు కోల్‌కతా నుంచో కొచ్చి నుంచో టేపు పట్టుకొచ్చేవాళ్లు. అది స్కూల్లో పది చేతులు మారేది. పెద్దపల్లి, మంచిర్యాల దాకా సంగీతం ఎలా చేరిందో అడిగితే ఈ కాలనీల పేర్లే ఎక్కువగా వినపడతాయి.

ఆ తర్వాత 2000ల మధ్యలో ఇంజినీరింగ్ హాస్టళ్లలో కంప్యూటర్లన్నీ కలిపే లాన్ వచ్చింది, దాని మీద ఫైళ్లు పంచుకునే డీసీ ప్లస్ ప్లస్ వచ్చింది. ఒకడి కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్ రాత్రికి రాత్రి హాస్టల్ మొత్తానికి. ఆ ఫోల్డర్లు ఉన్న హార్డ్ డిస్కులు ఇంకా కొందరి అటకల మీద ఉన్నాయి. పాటల కోసమే కాదు, ఆ ఫోల్డర్ల పేర్లు, వాటిని అమర్చిన పద్ధతి కూడా ఆధారమే. ఏ కాలంలో ఎవరు ఏం విన్నారో అది చెబుతుంది. డిస్క్ దొరికితే అందులో ఏదీ సర్దకుండా, పేర్లు మార్చకుండా, ఉన్నదున్నట్టు మొత్తం ఇమేజ్ (డిస్క్ అచ్చు నకలు) తీసుకో.

ఇక్కడ ఎవరూ చూడని ఆధారాలు చెబుతాను. సౌండ్ సిస్టమ్, టెంట్ హౌస్ వాళ్ల బిల్లు పుస్తకాలు. కచేరీ ఏ తేదీన, ఏ గ్రౌండ్‌లో, ఎన్ని స్పీకర్లు, ఎన్ని మైకులు, జనరేటర్ ఉందా లేదా, అడ్వాన్స్ ఎవరిచ్చారు, అన్నీ కార్బన్ కాపీలో ఉంటాయి. డ్రమ్స్‌కు విడిగా మైకులు పెట్టారంటే ఆ రోజు బ్యాండ్ వాయించింది, ఆర్కెస్ట్రా కాదు అని నాలాంటివాడు చూడగానే చెబుతాడు. అలాగే మైక్ పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్‌కు పెట్టుకున్న దరఖాస్తు కాపీలు, కాలేజీ కల్చరల్ సెక్రటరీ ఫైళ్లలో ఉంటాయి. పోస్టర్ వేసిన డీటీపీ సెంటర్ల పాత కంప్యూటర్లలో ఒరిజినల్ ఫైళ్లు ఉండొచ్చు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలే అప్పట్లో కాలేజీ ఫంక్షన్లు కూడా తీసేవి. వీహెచ్ఎస్, మినీ డీవీ టేపులు వాళ్ల దగ్గర ఉంటే, మళ్లీ వాడకముందే అడిగి తీసుకో. దినపత్రికల జిల్లా అనుబంధాల్లో క్యాంపస్ వార్తలు వెతుకు. ఫొటో కింద బ్యాండ్ పేరు ఉండదు, "విద్యార్థుల ఆటపాట" అనో "యువత కేరింతలు" అనో ఉంటుంది, అయినా తేదీ దొరుకుతుంది. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. అక్కడా, జిల్లా గ్రంథాలయంలోనూ పాత పత్రికల బైండ్లు ఏమేరకు ఉన్నాయో నువ్వే వెళ్లి చూడు.

మనుషుల జ్ఞాపకం దగ్గరికి వద్దాం. ఇరవై ఏళ్ల కిందటి కచేరీ ఏ ఏడాది జరిగిందని సూటిగా అడిగితే అందరూ ఏదో ఒక ఏడాది చెబుతారు. దాన్ని అలాగే రాసుకుంటే నీ చరిత్రంతా తప్పుల తడక అవుతుంది. ఏడాది అడగకు. పక్కన ఇంకేం జరిగిందో అడుగు. మన దగ్గర దీనికి మంచి కొలమానాలున్నాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లో, మాఘ మాసంలో వస్తుంది. "జాతరకు ముందా, తర్వాతా? ఆ ఏడాది జాతర ఉందా?" అంటే మనిషి ఒక్క క్షణం ఆగి సరిగ్గా చెబుతాడు. గోదావరి పుష్కరాలు 2003, 2015. తెలంగాణ ప్రకటన 2009 డిసెంబర్ 9 రాత్రి. మిలియన్ మార్చ్ 2011 మార్చి 10. సకల జనుల సమ్మె 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా. పెద్ద నోట్ల రద్దు 2016 నవంబర్ 8.

దేశపు మెటల్ తేదీలను వీటి పక్కన పెట్టి చూడు. ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది 2007 మార్చి 17న. దేశంలో జరిగిన మొదటి భారీ మెటల్ కచేరీగా చాలామంది చెప్పుకునేది అదే. మార్చి అంటే మనకు ఇంటర్, టెన్త్ పరీక్షల నెల. ఆ కచేరీకి ఇక్కడి నుంచి ఎవరు వెళ్లగలిగారు, ఎవరు ఆగిపోయారు అన్నది వయసును బట్టే తేలిపోతుంది. మెటాలికా 2011 అక్టోబర్ 28న గుర్గావ్‌లో వాయించాల్సింది రద్దయింది, 30న బెంగళూరులో వాయించారు. అంటే సకల జనుల సమ్మె ఆగిన ఆరో రోజు. నలభై రెండు రోజుల ఆ సమ్మెలో బస్సులు, ఆఫీసులు, బడులు, బొగ్గు గనులు ఆగిన తర్వాత, జీతాలు రాని ఇళ్ల నుంచి పిల్లలు టికెట్ డబ్బులు ఎలా సమకూర్చుకున్నారు? అదే వారంలో ఉద్యమ సభలో డప్పు వాయించి, మర్నాడు బెంగళూరు రైలెక్కినవాడెవడైనా ఉన్నాడా? ఇవి నేను ఊరికే అడుగుతున్న ప్రశ్నలు కాదు. దేశపు మెటల్ చరిత్రలో ఈ అధ్యాయం తెలంగాణవాడే రాయాలి. ముంబై నుంచి చూసేవాడికి 2011 అక్టోబర్ అంటే మెటాలికా ఒక్కటే కనపడుతుంది.

ఇంటర్వ్యూలో "అప్పట్లో ఎలా ఉండేదన్నా?" అని అడిగితే "సూపర్ ఉండేది తమ్మీ" అని ముగుస్తుంది. టికెట్ ఎంత, డబ్బులు ఎవరిచ్చారు, ఇంట్లో ఏం చెప్పి వెళ్లావు, ఏ రైలు, రాత్రి ఎక్కడ పడుకున్నావు, తిరిగొచ్చాక ముందు ఎవరికి చెప్పావు, ఆ టీ షర్ట్ ఇంకా ఉందా? ఇలా అడుగు. మొదటి క్యాసెట్ ఎవరి చేతి నుంచి అందింది అన్నది తప్పకుండా అడుగు. వెంటనే ఆ మనిషి దగ్గరికి వెళ్లు. అలా గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్తుంటే ఏదో ఒక చోట మన జిల్లా దాటి సికింద్రాబాద్‌కో, చెన్నైకో, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఒక మేనమామకో చేరుకుంటావు. ఆ గొలుసే నీ పుస్తకానికి వెన్నెముక.

ఎదుటివాళ్ల చేతికి ఏదో ఒక వస్తువు ఇచ్చి మాట్లాడించు. ఫొటో, టేపు, పాత టికెట్, ఏదైనా. వస్తువు చేతిలో ఉంటే జ్ఞాపకం వేరేగా కదులుతుంది. ఆడపిల్లలను, అంటే ఇప్పుడు నలభై దాటిన అక్కలను వెతికి మరీ మాట్లాడించు. హాస్టల్ గదుల్లో విన్నవాళ్లు చాలామంది ఉన్నారు, కచేరీలకు వెళ్లే వీలు లేనందువల్ల ఏ ఫొటోలోనూ లేరు. ఫొటోల ఆధారంగా మాత్రమే రాస్తే వాళ్లు చరిత్రలో లేకుండా పోతారు. అది అన్యాయం.

ఇప్పుడు మీ బాబాయి అట్టపెట్టె. ముందుగా ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచెయ్. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోదు. ప్రతిదానికీ నంబర్ ఇవ్వు. నంబర్ క్యాసెట్ మీద రాయకుండా కవర్ మీద పెన్సిల్‌తో రాయి. ఇన్‌లే కార్డు (డబ్బా లోపలి అట్ట) రెండు వైపులా, చేతిరాతతో సహా, 600 డీపీఐలో స్కాన్ చెయ్. చేతిరాతను బట్టే ఎవరు కాపీ చేశారో తర్వాత తేలుతుంది. టేపు మీద తెల్లని పొడిలా బూజు కనపడితే ఆడించొద్దు, మిగతావాటికి దూరంగా విడిగా కవర్లో పెట్టు. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి చుట్టు, బిగుతు సమానమవుతుంది. లోపల చిన్న స్పాంజ్ ప్యాడ్ ఊడిపోయి ఉంటే ముందు అది బాగుచేయాలి, లేకపోతే ధ్వని మసకగా వస్తుంది.

యూఎస్‌బీ ఉన్న చవక ప్లేయర్ కొనకు. పాత మంచి డెక్ (క్యాసెట్ ఆడించే యంత్రం) ఒకటి, రిపేర్ చేయించినది, సంపాదించు. హెడ్లను, అంటే టేపును చదివే భాగాలను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. ప్రతి టేపుకూ హెడ్ కోణం సరిచేసుకోవాలి; పక్కన ఉండే చిన్న స్క్రూను, మోనోలో వింటూ, డ్రమ్స్‌లోని సింబల్స్ (లోహపు తాళాలు) మోత అన్నింటికన్నా స్పష్టంగా వచ్చేదాకా మెల్లగా తిప్పు. మెటల్ టేపులో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఇంటి కాపీల్లో ముందు పోయేది ఆ పైశ్రుతే. అసలు ఏ డాల్బీలో (టేపు రొద తగ్గించే పద్ధతిలో) రికార్డ్ చేశారో తెలియనప్పుడు డాల్బీ ఆపే తీసుకో, ఆ సంగతి నోట్ చెయ్. రికార్డింగ్ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. గంటకు దాదాపు 2 జీబీ అవుతుంది, ఈ రోజుల్లో అదేం పెద్ద భారం కాదు. కనీసం 48 కిలోహెర్ట్జ్‌కు తగ్గకు. హిస్ (టేపు రొద) తీసేయడం, శబ్దం పెంచడం లాంటివేవీ మాస్టర్ ఫైల్ (మొదట తీసిన అసలు ఫైల్) మీద చేయకు, కావాలంటే కాపీ మీద చేసుకో. ఎంపీ3 కూడా ఆ కాపీ నుంచే.

వేగం గురించి ఒక్క మాట, ఇది చాలామంది పట్టించుకోరు. డెక్‌లన్నీ ఒకే వేగంతో తిరగవు. నూటికి మూడు వంతులు వేగం పెరిగితే శ్రుతి దాదాపు అర సెమీటోన్ పైకి పోతుంది. మామూలు పాటైతే తెలిసిన శ్రుతితో పోల్చి సరిచేస్తాం. మెటల్ బ్యాండ్లు గిటార్లను కిందికి ట్యూన్ చేస్తాయి, ఎంత కిందికి అన్నది బ్యాండ్‌ను బట్టి మారుతుంది, కాబట్టి చెవిని నమ్మి సరిచేయకు. గిటార్ వాయించినవాణ్ణి దొరకబుచ్చుకుని ఆ రోజుల్లో ఏ ట్యూనింగ్ అని అడుగు. లైవ్ టేపుల్లో కరెంటు హమ్ వినిపిస్తుంది, అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలని దాన్ని పట్టుకుని వేగం లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. మన దగ్గర దాన్ని గుడ్డిగా వాడకూడదు. 1990ల్లో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ తరచూ 50 కన్నా బాగా కిందికి పోయేది, పైగా చాలా కచేరీలు జనరేటర్ మీద నడిచేవి. రెండు మూడు ఆనవాళ్లు ఒకే మాట చెబితేనే సరిచెయ్, లేకపోతే అలాగే ఉంచి పక్కన రాసిపెట్టు.

టికెట్లు, ఫ్యాక్స్‌లు థర్మల్ కాగితం మీద ఉంటే ఈ రోజే స్కాన్ చెయ్. కొన్నేళ్లలో అక్షరాలు మాయమవుతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమే నల్లబడుతుంది. పోస్టర్లకు సెల్లో టేప్ అంటించకు. ఇంట్లో రాసుకున్న సీడీలు క్యాసెట్ల కన్నా ముందే పోతాయి. వాటి నుంచి డేటా తీయడం మొదటి వారంలోనే పెట్టుకో.

ఆన్‌లైన్లో ఉన్నది భద్రంగా ఉందనుకోకు. మన బ్యాండ్ల చర్చలన్నీ ఒకప్పుడు ఆర్కుట్ కమ్యూనిటీల్లో జరిగేవి; 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది, కొన్నాళ్లు ఆర్కైవ్‌గా ఉంచి తర్వాత అదీ తీసేశారు. బ్యాండ్లు పాటలు పెట్టుకునే మైస్పేస్ సైట్‌లో ఎక్కించిన పాటలు, 2016కు ముందువన్నీ, సర్వర్ మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. వాటిలో దాదాపు 4.9 లక్షల పాటలు మాత్రం ఎవరో ముందే దించుకుని ఉన్నందున ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరాయి. మన దేశపు చిన్న బ్యాండ్ల పేర్లు అందులో వెతుకు. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్‌తో పూర్తిగా పోయింది. ఎవరి ఈమెయిల్లోనైనా పాత గ్రూప్ ఉత్తరాలు ఉంటే అడిగి తీసుకో. నీకు పనికొచ్చే పేజీ ఏది కనిపించినా అప్పటికప్పుడే వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల నకళ్లు దాచే సైట్) సేవ్ చెయ్.

యూట్యూబ్‌లో పెట్టడం సంగతి. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద కాపీరైట్ విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంటే మన అండర్‌గ్రౌండ్ డెమోలన్నీ ఇంకా ఎవరో ఒకరివే. లేబుల్ లేదు, ఒప్పందం లేదు కాబట్టి ఎవరిదీ కాదనుకోవడం తప్పు, వాయించినవాళ్లందరిదీ అనుకోవాలి. వాళ్లను వెతికి అడుగు. ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకుంటారు, కొందరు టేపు విని ఏడ్చినవాళ్లు కూడా నాకు తెలుసు. వద్దన్నవాళ్ల మాట వద్దన్నట్టే. ఇప్పుడు బ్యాంకులో, స్కూల్లో పనిచేస్తున్నవాళ్లు ఆ రోజుల స్టేజ్ పేరుతోనే ఉండాలనుకోవచ్చు. ఇంటర్వ్యూ మొదట్లోనే వాళ్ల అనుమతి వాళ్ల గొంతుతోనే రికార్డ్ చెయ్. తర్వాత మనసు మార్చుకునే హక్కు ఉందని కూడా చెప్పు. పాత గొడవలు, డబ్బు తగాదాలు, మత్తు సంగతులు చెబుతారు. ఒక్కరి మాట మీద ఇంకొకరి పేరు రాయకు. "మేమే దేశంలో మొదటి డెత్ మెటల్ బ్యాండ్" అని ముగ్గురు చెబుతారు. మొదటిది ఎవరిదో తీర్పు చెప్పడం నీ పని కాదు, ఒక్కొక్కరి దగ్గర ఉన్న తేదీ గల ఆధారం ఏమిటో పక్కపక్కన పెట్టు.

రాయడం తెలుగులోనే రాయి. మన దేశపు మెటల్ గురించి ఉన్నది దాదాపు అంతా ఇంగ్లిషులో ఉంది. ఇంటర్వ్యూ ఇచ్చిన కాజీపేట డ్రమ్మర్ అన్న మన యాసలో చెప్పిన మాటను అలాగే దించు, శుద్ధి చేయకు. డిస్టార్షన్, రిఫ్, డబుల్ బాస్ లాంటి మాటలను వాళ్లు ఎలా అంటే అలాగే రాయి. ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో నీ రిజిస్టర్‌లో ఉండాలి: ఫలానా నంబర్ టేపు, ఫలానా బిల్లు, ఫలానా మనిషి ఫలానా రోజు చెప్పింది. ఆధారం లేని మంచి కథ ఎంత ఊరించినా విడిగా ఒక పేజీలో పెట్టుకో. రెండేళ్ల తర్వాత ఎక్కడో ఒక పాంప్లెట్ దొరికి దానికి ఆధారం అవుతుంది. అలా అవ్వడం నేను చూశాను.

ఫైళ్ల పేర్లు తేదీతో మొదలుపెట్టు, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. తెలియని చోట సున్నాలు. మొత్తం మూడు కాపీలు ఉండాలి, రెండు వేర్వేరు డిస్కుల మీద, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైల్‌కూ చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో తెలిపే సంకేతం) తీసి ఉంచుకుని ఆరు నెలలకోసారి సరిచూడు. ఆ వేరే ఊరి కాపీ నా దగ్గర పెట్టినా సరే, కానీ నేనూ కాజీపేటలోనే ఉంటాను కాబట్టి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఈ పని చేసేవాళ్లలో ఒకరికి ఇవ్వడం మేలు. నీ దగ్గర ఉన్న క్యాసెట్ల ఇన్‌లే ఫొటోలు ముందు ఇక్కడ పెట్టు. ఏది కంపెనీ టేపో, ఏది డెమోనో, ఏది ముందు డిజిటల్ చేయాలో చూసి చెబుతాను. డెక్ ఇంకా లేకపోతే కొనకముందే అడుగు, నా దగ్గరున్నది తెచ్చుకుని వాడుకోవచ్చు.